కప్పబండి వెనక దీపం

పుదుప్పేట, చెన్నై
9 జనవరి 2004

మామగారికి నజీర్ సలాములు.

ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నారు. ఫోనుకి తాళం కూడా వేశారని తెలిసింది. పురిటికి వచ్చిన కూతుర్ని మొగుడితో మాట్లాడకుండా కాపలా కాయడానికి మీకు తీరిక ఎలా దొరుకుతోందో నాకు అర్థం కాదు. మిరప కోతలు మొదలైనట్టు లేవు.

రంజానుకి వచ్చినప్పుడు మీ బండిని నలుగురిలో కప్ప అన్నానని మీ కోపం. నేను ఒక్కసారి అన్నాను. ఇప్పుడు ఊరు ఊరంతా కప్పబండి అంటోందట, దానికి నేనేం చెయ్యను? వాడరేవు రిసార్టు మూసేస్తుంటే అక్కడ టూరిస్టులు ఇసకలో తిప్పుకునే ఏటీవీని కొనుక్కొచ్చి నల్లరేగడిలో తిప్పుతున్న రైతు జిల్లా మొత్తానికి మీరొక్కరే. నాలుగు లావు చక్రాలు, ముందుకి పొడుచుకొచ్చిన కళ్ళు. దాన్ని లేడిపిల్ల అనలేను కదా. మీ మోకాళ్ళకి సుఖంగా ఉందన్నారు, సంతోషం.

కానీ దాని వెనక బ్రేకు లైటు వెలగదు. అది నేను అప్పుడే చూశాను. గట్ల మీద ఎగిరెగిరి పడే బండికి మామూలు బల్బు నెల కూడా ఆగదు, లోపలి తీగ తెగిపోతుంది. సాయంత్రం పూట పత్తి లారీల మధ్య బ్రేకు లైటు లేకుండా తిరగడం మగతనం కాదు మామయ్యా. మా షాపులోకి ఎల్ఈడీ బల్బులు వచ్చాయి. వాటిలో తెగడానికి తీగే ఉండదు, ఎంత కుదిపినా ఏమీ కాదు. అందుకని రెండు బల్బులు నిన్న పార్శిలు బస్సుకి వేశాను.

ఒకటి ఎర్రగా వెలిగేది, బండికి. రెండోది పచ్చగా వెలిగేది, దర్గాలో గంధం పండక్కి వెలిగించే మీ పచ్చ అద్దాల దీపానికి. ఆ దీపానికి స్కూటరు బ్యాటరీ, హోల్డరు పెట్టింది నేనే కాబట్టి అందులోనూ ఇదే సైజు పడుతుంది. ఇక కరెంటు పోయినా తెల్లారేదాకా వెలుగుతుంది. వెలగనప్పుడు రెండు బల్బులూ ఒకేలా తెల్లగా ఉంటాయి. అందుకే ఎర్రదానికి ఎర్ర దారం, పచ్చదానికి పచ్చ దారం నా చేత్తో చుట్టాను. దారం చూసుకుని పెట్టండి.

అన్నట్టు, యాస్మిన్‌ని ఆ బండి ఎక్కించకండి. ఏడో నెల.

మీకు ఇష్టం లేకపోయినా మీ అల్లుడు,
నజీర్


పర్చూరు పోస్టు
21 జనవరి 2004

నజీర్‌కి ఇమాం హుస్సేన్ రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. అందేసరికి అంతా అయిపోయింది. పార్శిలు ముందొచ్చింది, ఉత్తరం తర్వాత వచ్చింది. తేడా ఉన్న వస్తువు పంపేవాడు పార్శిల్లోనే ఒక ముక్క రాసి పెడతాడు. నీకు ఆ తెలివి లేదు.

నేను చేలో ఉండగా మీ అత్త పార్శిలు విప్పింది. వచ్చి చూస్తే పళ్ళెంలో రెండు బల్బులు ఉన్నాయి. సైజు చూస్తే రెండు చోట్లా పట్టేవే, ఒకటి తీసి బండికి పెట్టాను, ఒకటి దర్గా దీపానికి పెట్టాను. ఎర్ర దారం, పచ్చ దారం అని పెద్ద కథ రాశావు. పళ్ళెంలో దారమూ లేదు, దారం పోగూ లేదు. కట్టకుండానే కట్టానని రాశావు.

మర్నాడు యాస్మిన్‌ని పర్చూరులో డాక్టరమ్మకి చూపించి తిరిగొస్తున్నాం. ఆటో కోసం ఎంతసేపు చూసినా రాలేదు. బండి మీద ఎక్కించుకున్నాను. పొద్దుగూకుతోంది. మలుపులో గేదెలు అడ్డమొస్తే బ్రేకు వేశాను. వెనక దానయ్య ట్రాక్టరు, పత్తి బోరె బస్తాలు నింపుకుని చిలకలూరిపేట మిల్లుకి పోతోంది. వచ్చి గుద్దింది. దిగొచ్చి దానయ్య ఏమన్నాడో తెలుసా? "ఇమాం గారూ, వెనక లైటు వెలిగితే గదండీ మీరు ఆపారని నాకు తెలిసేది!" అన్నాడు. పదిమంది ముందు అన్నాడు.

పై వరస బోరె ఒకటి జారి ముందే కాలవలో పడింది, యాస్మిన్ పోయి దాని మీద పడింది. మా తాత, మా నాయన దూది ఏకి బతికారు. ఆ దూదే నా కూతుర్ని కాపాడిందనుకుంటున్నాను. కడుపులో బిడ్డ క్షేమమే. నా ఎడమ మణికట్టు విరిగింది. కుడిచెయ్యి బాగానే ఉంది, నీకు రాయడానికి.

చీరాల ఆసుపత్రికి నువ్వొచ్చినప్పుడు వరండాలో నేనన్న మాటలకి నీకు కోపం వచ్చిందని మీ అత్త అంటోంది. రావాలనే అన్నాను. చచ్చిన బల్బు పంపి నా కూతుర్ని చావు దగ్గరికి తీసుకెళ్ళినవాడు నేను పిలవకుండా నా గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతాను. ఆ మాట మళ్ళీ రాస్తున్నాను. ఫోనులో అన్నది గాలికి పోతుంది. కాగితం మీద రాసింది ఉంటుంది, రేపు ఎవరికైనా చూపించుకోవచ్చు. అందుకే నీతో ఇక నాకు కాగితమే.

యాస్మిన్ తండ్రి,
ఇమాం హుస్సేన్


పుదుప్పేట
28 జనవరి 2004

మామగారికి,

సలాం చెప్పడం నా ధర్మం కాబట్టి చెబుతున్నాను. తీసుకోవడం, మానడం మీ ఇష్టం.

రాత్రంతా బస్సులో నిలబడి వచ్చాను. నా భార్య ముఖం పట్టుమని పది నిమిషాలు చూడనివ్వలేదు మీరు. రోగుల బంధువులు, ఆయాలు, టీ అమ్మేవాడు అందరూ వింటుండగా నన్ను పొమ్మన్నారు. పెద్దవారని తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ గౌరవం ఆసుపత్రి గుమ్మంలోనే వదిలేసి వచ్చాను, ఇక నా దగ్గర మిగల్లేదు.

ఎక్కించొద్దని రాశాను. ఆ ముక్క కళ్ళబడిందా? ఉత్తరం ఆలస్యంగా వచ్చిందంటారు. గర్భిణిని గట్ల మీద గెంతే బండి ఎక్కించకూడదని తెలియడానికి ఉత్తరం కావాలా? నీళ్ళు తాగేవాడికి నీళ్ళు తడిగా ఉంటాయని చీటీ రాసి పంపాలా? ఆటో రాకపోతే డాక్టరమ్మ దగ్గరే కూర్చోవాలి. కానీ కప్పబండి ఊళ్ళో ఊరేగాలి కదా.

పంపే ముందు రెండు బల్బులూ షాపులో బ్యాటరీకి పెట్టి వెలిగించి చూశాను. షాపు యజమాని, మా ముదలాళి కూడా చూశాడు. దారాలు నా చేత్తో చుట్టి, విడిపోకుండా ముడి వేశాను. రెండు దారాలూ బస్సులో ఎవరో విప్పుకుపోయారంటారా? ఇంటికి వచ్చిన వస్తువుని సరిగ్గా చూడడం చేతకాక, పంపినవాడి మీద పడ్డారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

నన్ను ఇల్లరికం ఉండమంటే ఉండలేదు, మీ మిరపచేను చూడమంటే చూడలేదు. అసలు కోపం అదీ. బల్బు పేరు పెట్టుకుని అది తీర్చుకుంటున్నారు.

అత్తయ్యకి మాత్రం నిజంగా సలాం. ఆసుపత్రిలో ఆమె ఒక్కతే నాకు గ్లాసు నీళ్ళిచ్చింది.

నజీర్


పర్చూరు పోస్టు
17 ఫిబ్రవరి 2004

నజీర్‌కి,

నిన్న గంధం. ఏం జరిగిందో విని నీ షాపు ముదలాళికి కూడా చెప్పు.

మా నాయన చేయించిన పచ్చ అద్దాల దీపం ఏడాదికోసారి గంధం రోజునే వెలుగుతుందని నీకు తెలుసు. మా ఇంటి మనిషే వెలిగించాలి. నూనె పోసిన రోజుల్లో కూడా ఏనాడూ ఆరలేదు. గంధం పళ్ళేలు గుమ్మంలోకి వచ్చాయి. డప్పులు ఆగాయి. పర్చూరు నుంచి కూడా జనం వచ్చారు, మనవాళ్ళూ హిందువులూ అందరూ. నేను విరిగిన చెయ్యి మెడకి కట్టుకుని వెళ్ళి స్విచ్చి వేశాను.

చీకటి.

మళ్ళీ వేశాను. చీకటే. ఆ నన్నే సాహెబ్ ఉన్నాడే, మన దీపం మీద ఎప్పటి నుంచో కన్నున్నవాడు, ఈ రోజు కోసం ఎన్నేళ్ళుగా ఎదురు చూశాడో, వెంటనే అందుకున్నాడు. "ఏం ఇమాం భాయ్, దీపం కూడా అల్లుడు పంపిందేనా?" అన్నాడు. జనం నవ్వారు. దర్గాలో, గంధం పళ్ళేల ముందు నన్ను చూసి నవ్వారు. ఆఖరికి ఎవరో పెట్రోమాక్సు తెచ్చి వేలాడదీశారు. వచ్చే ఏడు దీపం ఎవరింటివాళ్ళు వెలిగించాలో ఆలోచిద్దామని అప్పుడే అంటున్నారు.

ఒక బల్బు చచ్చిందంటే పొరపాటనుకోవచ్చు. రెండూ చచ్చినవే పంపావు. షాపులో ఎవరో వెనక్కిచ్చిన సరుకు మామకి అంటగట్టావు. ఇల్లరికం సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. నిన్ను ఇంట్లో పెట్టుకోకపోవడమే నా అదృష్టం.

ఇప్పుడు అసలు మాట. పురుడయ్యాక నలభయ్యో రోజున యాస్మిన్‌ని పంపాలని ఆచారం. నేను పంపను. నా కూతురు, ఆమె బిడ్డ నా ఇంట్లోనే ఉంటారు. బండికి వెలుగివ్వలేనివాడు, దర్గాకి వెలుగివ్వలేనివాడు ఇంటికి ఏం వెలుగిస్తాడు? కాగితం మీద రాశాను. చదువుకో.

ఇమాం హుస్సేన్


పుదుప్పేట
24 ఫిబ్రవరి 2004

మామగారికి,

మీ ఉత్తరం షాపులో నిలబడి చదివాను. చదివి పెద్దగా నవ్వాను. ముదలాళి ఏమైందని అడిగితే మా మామ నాకు దావా గెలిపించాడని చెప్పాను.

బండిలో ఒకటే వెలగకపోతే బల్బు పోయిందేమో అనుకునేవాణ్ణి. దర్గాలోనూ వెలగలేదని మీరే రాశారు. ఇక నాకు అనుమానం లేదు. బల్బులు రెండూ బాగానే ఉన్నాయి. మీరు బండిలో పెట్టాల్సింది దర్గాలో, దర్గాలో పెట్టాల్సింది బండిలో పెట్టారు.

ఎల్ఈడీ మామూలు బల్బులాంటిది కాదు మామయ్యా. మామూలు బల్బు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి, దాని మీద ఏ రంగు అద్దం పెడితే ఆ రంగు బయటికొస్తుంది. ఈ బల్బులో ఒక్క రంగే ఉంటుంది. బండి వెనక అద్దం ఎరుపు. అది ఎర్ర వెలుగునే బయటికి వదులుతుంది. దాని వెనక పచ్చ బల్బు పెడితే లోపల ఎంత వెలిగినా బయట చీకటే. దర్గా పచ్చ అద్దం వెనక ఎర్ర బల్బు పెట్టినా అంతే. అందుకే దారాలు కట్టాను. అందుకే దారం చూసి పెట్టమన్నాను.

నమ్మకపోతే ఒక్క పని చెయ్యండి. బండి వెనక ఎర్ర మూతకి రెండు మరలుంటాయి. విప్పండి. మూత లేకుండా బ్రేకు నొక్కి చూడండి. పచ్చగా వెలగకపోతే నా పేరు మార్చుకుంటాను.

వెలిగితే మీరు చెయ్యాల్సింది ఇది. నన్ను ఆసుపత్రి వరండాలో అన్న మాటలు అందరూ విన్నారు కదా. అలాగే మీ ఇంటి అరుగు మీద నన్నే సాహెబ్‌ని, దానయ్యని కూర్చోబెట్టి, తప్పు నాది, నా అల్లుడిది కాదు అని చెప్పాలి. ఇంతవరకూ మీ ఉత్తరాల్లో ఒక్కసారైనా అల్లుడు అన్న మాట మర్యాదగా రాయలేదు. ఆ మాట కూడా మీ నోటి నుంచి రావాలి. నలభయ్యో రోజున వచ్చి నా భార్యని తీసుకెళ్తాను. మీ కర్ర మీ దగ్గర పెట్టుకోండి.

నజీర్


పర్చూరు పోస్టు
30 మార్చి 2004

నజీర్‌కి,

ఆదివారం తెల్లవారుజామున యాస్మిన్‌కి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. తండ్రికి తెలియజేయడం ధర్మం కాబట్టి రాశాను. పిల్ల చెవిలో అజాన్ బాంగు నేనే చెప్పాను. పేరు మాత్రం పెట్టలేదు. తండ్రి వచ్చి పెట్టాలని నీ భార్య పట్టు పట్టింది. ఆమె మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నన్నడక్కు.

నీ పోయిన ఉత్తరానికి జవాబివ్వలేదని గెలిచానని అనుకుంటున్నావేమో. బండి దొడ్లో పట్టా కప్పి ఉంది. దర్గా దీపం గుడ్డలో చుట్టి అటక మీద ఉంది. నువ్వు విప్పమన్నావని నేను మరలు విప్పను. ఎర్ర అద్దం ఎర్రనే వదులుతుంది, పచ్చ అద్దం పచ్చనే వదులుతుందట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. బండికి పెట్టిన రోజు మిట్టమధ్యాహ్నం నేను బ్రేకు నొక్కి, వెనక మీ అత్తని నిలబెట్టి అడిగాను. "వెలిగిందా?" అంటే "ఎర్రగానే ఉందండీ" అంది. మరి నీ పచ్చ బల్బు అప్పుడెక్కడికి పోయింది? ఎర్రగా వెలిగింది, మర్నాటికి చచ్చింది. అదీ నీ సరుకు.

దారాలు మా ఇంట్లోనే పోయాయన్నట్టు రాశావు. ఈ ఇంటి సంగతి నీకు తెలియదు. మీ అత్త దారం పోగుని కూడా పారేసే మనిషి కాదు. నువ్వు పంపిన నాగూరు దారం చూడు. డిసెంబరులో యాస్మిన్‌ని తీసుకొచ్చేటప్పుడు ఆమె నిన్ను నాగూరు దర్గా దారం అడిగిందట, నువ్వు పంపావట. వచ్చిన రోజే యాస్మిన్ చేతికి కట్టింది. ట్రాక్టరు గుద్దినప్పుడు కూడా అది చేతికే ఉంది. తల్లినీ బిడ్డనీ ఆ దారమే కాపాడిందని మీ అత్త ఐదు వేళలా దువా చేస్తోంది. నేను పత్తి బోరె అంటే నా మీదికి వస్తోంది. ఇప్పుడు సగం తెంచి పిల్ల చేతికి కూడా కట్టింది. పచ్చ దారం, ముడి కూడా గట్టి ముడి. పెళ్ళయ్యాక మొత్తం మీద నువ్వు చేసిన ఒక్క మంచి పని అది. న్యాయంగా ఒప్పుకుంటున్నాను, అందుకే రాశాను.

నలభయ్యో రోజు విషయంలో నా మాట మారలేదు.

ఇమాం హుస్సేన్


పుదుప్పేట
6 ఏప్రిల్ 2004

మామగారికి,

పాప పుట్టిందన్న ముక్క చదివి అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ రాత్రే బస్సెక్కుదామనుకున్నాను. స్టాండు దాకా వెళ్ళి, చీరాలలో మీరన్న మాట గుర్తొచ్చి తిరిగొచ్చాను. నా కూతురు పుట్టిందని తెలిసిన రోజు నన్ను వెనక్కి నడిపించారు. ఇది మర్చిపోను.

మిగతాది మీరొక్కరే చదవండి. అరుగు మీద కూర్చుని పైకి చదవకండి.

నేను నాగూరు వెళ్ళలేదు. అత్తయ్య అడిగిన మాట నిజం, సరే అన్న మాట నిజం, మర్చిపోయిన మాట కూడా నిజం. నేను ఏ దర్గా దారమూ ఎవరితోనూ పంపలేదు. నేను మీ ఇంటికి పంపిన పచ్చ దారం ఒక్కటే. అది బల్బుకి చుట్టింది. మా షాపులో వైర్లు కట్టగట్టే నూలు దారం.

ఇప్పుడు తెలిసిందా? పార్శిలు విప్పింది అత్తయ్య. బల్బు చుట్టూ పచ్చ దారం కనిపించింది. నాగూరు దారమనుకుని కళ్ళకద్దుకుని విప్పి యాస్మిన్ చేతికి కట్టింది. ఎర్ర దారం ఏం చేసిందో అడగండి, అదీ ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది. ఆ తర్వాత పళ్ళెంలో రెండు తెల్ల బల్బులు మిగిలాయి. మీరు పచ్చదాన్ని బండికి పెట్టారు. ఎండలో ఎర్ర అద్దం ఎర్రగా కనిపించింది, ఎర్రగానే ఉందని అత్తయ్య చెప్పింది. అద్దం రంగు చెప్పిందామె, వెలుగు సంగతి కాదు. మర్నాడు దానయ్య మిమ్మల్ని గుద్దాడు.

మూడు నెలలుగా నన్ను దొంగ అన్నారు, అబద్ధాలకోరు అన్నారు, చచ్చిన సరుకు అంటగట్టానన్నారు. నా భార్యని ఆపారు, నా బిడ్డని చూడనివ్వలేదు. ఆ దారం మొదటి నుంచీ మీ కూతురి చేతికే ఉంది, మీ కళ్ళముందే. నలభయ్యో రోజున వస్తున్నాను. మీ ఉత్తరాలన్నీ తెస్తాను. అరుగు మీద అందరి ముందూ చదువుతాను, దారం ఎలా పోయిందో అందరికీ చెబుతాను. కాగితం మీద రాసింది ఉంటుందని మీరే అన్నారు.

నజీర్


పర్చూరు పోస్టు
14 ఏప్రిల్ 2004

నజీర్‌కి,

నీ ఉత్తరం నిన్న అందింది. చేలో కళ్ళం దగ్గర ఒక్కణ్ణే కూర్చుని చదివాను. మిరపకాయల ఘాటు వల్ల కళ్ళు మండాయి, నువ్వు వేరే ఏదో ఊహించుకోకు.

ఇంటికి వచ్చి మీ అత్తని మామూలుగా అడిగాను. "ఏమే, ఆ నాగూరు దారం ఎవరు తెచ్చిచ్చారు?" అన్నాను. "ఒకరు తెచ్చివ్వడమేంటండీ? బల్బుల పార్శిల్లోనే పెట్టాడు బాబు. దారిలో ఎక్కడ పోతుందో అని జాగ్రత్తగా బల్బుకి చుట్టి ముడేశాడు. అడిగిన మాట గుర్తు పెట్టుకునే పిల్లాడండీ నజీరు" అంది. "మరి ఎర్రది?" అన్నాను. "అదీ ఉంది, దిష్టికేమో అనుకుని మేకపిల్లకి కట్టా" అంది. దొడ్లోకి వెళ్ళి చూశాను. మూడు నెలలుగా నా కాళ్ళకి అడ్డంపడి తిరుగుతున్న మేకపిల్ల మెడలో నీ ఎర్ర దారం ఉంది.

పట్టా తీసి, ఒంటిచేత్తో ఆ రెండు మరలూ విప్పాను. బ్రేకు నొక్కాను. పచ్చగా వెలిగింది. దర్గా దీపం ఎలా వెలగాలో అలా వెలిగింది, నా బండి వెనక. చాలాసేపు నొక్కి పట్టుకున్నాను.

నువ్వు వచ్చి అరుగు మీద చదువుతానన్నావు. చదివితే ఏమవుతుందో ఆలోచించావా? ఆ దారం తన కూతుర్ని, మనవరాల్ని కాపాడిందని ఆమె నమ్మకం. ఆ దారం తాను విప్పినందుకే ట్రాక్టరు గుద్దిందని తెలిస్తే, తెలిసిన రోజు నుంచి ఆ మనిషి అన్నం ముట్టదు. నాకు తెలుసు, నలభై ఏళ్ళుగా తెలుసు. నీ మీద నాకెంత కోపం ఉన్నా నీ నోటి నుంచి ఆ మాట వినే గతి ఆమెకి పట్టనివ్వను. నీకు గ్లాసు నీళ్ళిచ్చిందని నువ్వే రాశావు.

అందుకని నువ్వు అడిగింది ఈ పొద్దున్నే చేశాను. నన్నే సాహెబ్‌ని, దానయ్యని అరుగు మీదికి పిలిచాను. బల్బులు రెండూ మంచివే, తారుమారు చేసింది నేను, వేరే గుర్తు దారాలుంటే విప్పి పారేసింది నేను, తప్పు నాది, నా అల్లుడిది కాదు అన్నాను. నన్నే సాహెబ్ తొడ మీద కొట్టుకుని నవ్వాడు. దానయ్య నా వైపు చూడలేక కండువా సర్దుకున్నాడు. అందరికంటే మీ అత్త ఎక్కువ తిట్టింది. "అంత మంచి బల్బులు, పైన నాగూరు దారం కూడా పంపిన పిల్లాణ్ణి అన్ని మాటలంటారా? మీకు కళ్ళున్నాయా అసలు?" అంది. అందరి ముందూ అంది. తలవంచుకుని పడ్డాను. నేను చేసిన తప్పులకి కూడా ఎప్పుడూ ఇలా పడలేదు.

ఇది నీకోసం చెయ్యలేదు. నాకు ఇప్పటికీ నువ్వంటే పడదు. ఆసుపత్రిలో అన్నవి వెనక్కి తీసుకుంటున్నాను, కప్ప అన్నందుకు వచ్చిన కోపం మాత్రం తీసుకోను.

నలభయ్యో రోజున రా. యాస్మిన్ పెట్టె సర్దుకుంటోంది, నేను చెప్పకముందే సర్దడం మొదలుపెట్టింది. పిల్లకి పేరు ఆలోచించుకుని రా. వచ్చే ముందు ఒక పని చెయ్యి. నాగూరు వెళ్ళు. దర్గాలో దువా చేయించి నిజం దారం తీసుకురా. పచ్చది, సరిగ్గా ఆ పచ్చే. నమూనాకి మీ షాపు దారం ముక్క పట్టుకెళ్ళు. మీ అత్త కళ్ళకి లైటు వెలిగిందో లేదో తెలియదు గానీ దారం రంగు తేడా వస్తే ఇట్టే పట్టేస్తుంది. పాతది నేను అదను చూసుకుని విప్పుతాను, కొత్తది కడతాను. అప్పుడు ఆమె చెప్పిందే నిజమవుతుంది.

ఈ ఉత్తరం చదివి కాల్చెయ్యి. దీంతో ఇంకో కాగితం పెట్టాను. అది దాచుకో. నా తర్వాత ఎప్పుడైనా ఎవరైనా ఆ ప్రమాదం గురించి ఎత్తితే అది చూపించు.

ఇమాం హుస్సేన్


పర్చూరు పోస్టు
14 ఏప్రిల్ 2004

నా అల్లుడు నజీర్ పంపిన బల్బులు రెండూ మంచివి. గుర్తుకి కట్టిన దారాలు విప్పి పారేసింది నేను. బండి బల్బు దర్గాలో, దర్గా బల్బు బండిలో పెట్టింది నేను. నా భార్య సర్దార్‌బీకి ఇందులో ఏ సంబంధమూ లేదు.

ఇది నా చేత్తో రాశాను.

ఇమాం హుస్సేన్